వెయ్యి పొరల అడుగు

మొన్న శనివారం మా అమ్మాయికి ఒక పార్సిల్ వచ్చింది. ఓక్‌విల్‌లో మా ఇంటి ముందుగదిలో నేలమీద కూర్చుని, అట్టపెట్టె చించి, పలచటి కాగితాలు నాలుగు వైపులా విసిరి, అందులోంచి నల్ల గుడ్డ జోళ్లు పైకి తీసింది.

"అమ్మా, టచ్ దిస్! సో సాఫ్ట్. ఆల్ నాచురల్ అంట. అసలు కాళ్లకి ఏదీ వేసుకున్నట్టే ఉండదంట."

చేతిలోకి తీసుకుని, అలవాటు కొద్దీ వెంటనే తిరగేశాను. తెల్లటి అడుగు. దానిమీద వరసలు వరసలుగా చిన్న చిన్న గింజల్లాంటి చుక్కలు. వేలితో తడిమాను. దారం తగల్లేదు. రబ్బరును అచ్చులో పోసి, కుట్టు ఉన్నట్టు చుక్కలు తేల్చారు.

"ఏం వెతుకుతున్నావ్?" అంది.

"కుట్టు."

"వాట్ కుట్టు?"

చెప్పాలంటే, ఇక్కడే కెనడాలో చిన్నప్పుడు మేమున్న విన్నిపెగ్ గురించి చెప్పాలి. ఇంతవరకూ దానికి సరిగ్గా చూపించని నా ఎడమకాలి గురించి చెప్పాలి. ఒక ముసలావిడ చేతుల గురించి చెప్పాలి. అది ఒక్క పూటలో అయ్యేది కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

*

నా ఎడమ పాదం పుట్టుకతోనే లోపలికి తిరిగి ఉండేదట. పసితనంలోనే పిండికట్లు వేసి, ఒకసారి కోసి సరిచేశారు. నడక వచ్చింది గానీ ఆ పాదం కుడిదానికంటే చిన్నగానే ఉండిపోయింది. షాపులో రెండు జోళ్లూ ఒకే సైజువి అమ్ముతారు కదా. అమ్మ కుడికాలికి సరిపోయేవి కొని, ఎడమదాని ముందుభాగంలో దూది కుక్కేది. మధ్యాహ్నానికల్లా ఆ దూది ఉండ చుట్టుకుపోయి వేళ్లకింద రాయిలా గుచ్చుకునేది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఎప్పుడూ ఒక పొక్కు.

ఎవరికీ చెప్పేదాన్ని కాదు. బడిలో బయటి బూట్లు విప్పి లోపల వేసుకునే బూట్లు మార్చుకోవాలి. పిల్లలందరూ వసారాలో బెంచీలమీద కూర్చుని కబుర్లాడుతూ మార్చుకునేవాళ్లు. నేను గోడవైపు తిరిగి, కోటు కాళ్లమీద కప్పుకుని మార్చుకునేదాన్ని. మేజోళ్లు మాత్రం నిద్రలో కూడా విప్పేదాన్ని కాదు. మండుటెండలో కూడా.

నాకు ఎనిమిదేళ్లు. నాన్న యూనివర్సిటీలో చదువుకుంటున్నాడు. అమ్మ చలికోట్లు కుట్టే ఫ్యాక్టరీలో పని చేసేది. మేం ఉన్నది మూడంతస్తుల పాత ఇటుక బిల్డింగు. వెనకవైపు చెక్కమెట్లు, ప్రతి అంతస్తులోనూ రెండు వాటాలకూ కలిపి ఒక చెక్క బాల్కనీ. వేసవి సెలవులు వచ్చేసరికి నన్ను ఎక్కడ ఉంచాలన్నది పెద్ద సమస్య అయింది. పక్క వాటాలో ఒక చైనీస్ కుటుంబం. తల్లి రెస్టారెంటులో పని. ఆ ఇంట్లో నాకంటే రెండేళ్లు పెద్దదైన అమ్మాయి ఒకతి, దాన్ని చూసుకునే అమ్మమ్మ ఒకావిడ. ఆ అమ్మమ్మ నన్ను కూడా చూస్తానంది. అంటే చేత్తో సైగ చేసి, నన్ను తన పక్కకి లాక్కుంది. ఆవిడకి ఇంగ్లీషు రాదు. నాకూ నా స్నేహితురాలికీ మధ్య ఇంగ్లీషే. ఏ మాటైనా దాని నోటిగుండానే నాకు చేరేది.

ఆ పిల్ల ఆవిడని "పోపో" అని పిలిచేది. వాళ్ల భాషలో అమ్మమ్మ అని. నేనూ అలాగే పిలవడం మొదలుపెట్టాను. రెండో రోజు పొద్దున అమ్మ నన్ను అప్పగించడానికి తలుపు కొట్టింది. ఆవిడ తలుపు తియ్యగానే నేను సంతోషంగా "పోపో! పోపో!" అని అరిచాను. వీపుమీద ఒక్కటి పడింది.

"పెద్దావిడని పట్టుకుని పో పో అంటావేంటే? బుద్ధి లేదూ?"

విషయం తెలిశాక నాన్న కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. అమ్మకి మాత్రం ఆ మాట చాలాకాలం నోరు తిరగలేదు. చివరికి ఒక దారి కనిపెట్టింది. "పోపోగారూ" అనేది. ఆవిడ కూడా అదే తన పేరనుకుని పలికేది.

*

ఆ ఇంట్లో అడుగుపెట్టగానే వాసన. కర్పూరం, అల్లం, ఎండుచేపలు, వాటి కింద ఎప్పుడూ ఒక ఉడికిన పిండి వాసన. మొదటిసారి ఆ పిండి వాసన చూసి అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. "మా ఊళ్లో సినిమా పోస్టర్లు అంటించే మైదా జిగురు ఇదే వాసన" అంది. నిజంగా మైదా జిగురే. పోపో దాన్ని గిన్నెలో ఉడికించి, బాల్కనీలో ఒక పాత తలుపు చెక్క పడుకోబెట్టి, దానిమీద జిగురు రాసి, చిరిగిన చొక్కాల గుడ్డలు, దిండుగలీబుల ముక్కలు ముడత లేకుండా పరిచేది. మళ్లీ జిగురు, మళ్లీ గుడ్డ. అలా నాలుగైదు పొరలు. ఎండకి అది అప్పడంలా బిగుసుకునేది. పోపో ఒక మూల గోరుతో లేపి లాగితే, తలుపంత గుడ్డ రేకు పటపటమంటూ ఊడి వచ్చేది.

అదే బాల్కనీలో రెండో సగంలో అమ్మ పాత చీర పరిచి మినపవడియాలు పెట్టేది. మా ఇద్దరు పిల్లలకీ అది స్వర్గం. సగం ఎండిన వడియాలు తినడానికి ఇటు వెళ్లేవాళ్లం, సగం ఎండిన గుడ్డ రేకుమీద వేళ్లు నొక్కి గుంటలు చెయ్యడానికి అటు. ఒకరోజు అమ్మ పనిలో ఉండగా ఉన్నట్టుండి వాన పట్టుకుంది. పోపో తన రేకులు వదిలేసి ముందు మా వడియాల చీర నాలుగు కొసలూ పట్టి లోపలికి ఈడ్చుకెళ్లింది. తనవి మూడు రేకులు తడిసి విడిపోయాయి. సాయంత్రం అమ్మ అది చూసింది. మర్నాడు ఆవకాయ సీసా పట్టుకెళ్లింది. పోపో ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. ముఖమంతా ఎర్రబడి, కళ్లలోంచి నీళ్లు ధారకట్టాయి. అమ్మ కంగారుపడి నీళ్లకోసం పరిగెత్తింది. ఈలోగా పోపో రెండో ముక్క తీసుకుంది. ఆ రోజునుంచి గంజన్నంలోకి ఆవిడకి ఆవకాయ ఉండాల్సిందే.

ఎండిన రేకుల్ని పోపో అడుగు ఆకారంలో కత్తిరించి, ఒకదానిమీద ఒకటి పేర్చి, అంచులకి తెల్లగుడ్డ చుట్టి కుట్టేది. వెయ్యి పొరల అడుగు అంటారట వాళ్లు. నేను వెంటనే ఒక అంచు దగ్గర లెక్కపెట్టి, "వెయ్యి లేవు, ఇరవై ఎనిమిదే ఉన్నాయి" అని ప్రకటించాను. నా స్నేహితురాలు భయపడుతూ ఆ మాట చేరవేసింది. పోపో పడీపడీ నవ్వి, నా చెవి మెలిపెట్టింది.

కుట్టేటప్పుడు మాత్రం నవ్వేది కాదు. కిటికీ పక్కన పొట్టి స్టూలు వేసుకుని కూర్చునేది. నారని పిక్కమీద పెట్టి అరచేత్తో దొర్లించి దారం పేనేది. మా అమ్మమ్మ దీపం వత్తులు అలాగే చేస్తుందని అమ్మ అంది. మధ్యవేలికి గుంటలు గుంటలుగా ఉన్న ఇత్తడి ఉంగరం. ముందు కర్రపిడి ఉన్న ఆరతో పొడిచి కన్నం చేసేది. దబ్బనాన్ని జుట్టులో ఒకసారి రాసి, ఆ కన్నంలోకి గుచ్చి, ఉంగరంతో నెట్టి, అవతలనుంచి లాగేది. సర్ర్‌మని దారం మొత్తం ఆ మందంలోంచి వచ్చేది. చివర్లో దారాన్ని ఆర పిడికి చుట్టి ఒక్క గుంజు గుంజేది. అప్పుడు ఒక గోధుమగింజ పుట్టేది. దాని పక్కన ఇంకొకటి. వాటి సందుల్లో పడేలా కింద వరస. గీత లేదు, కొలత లేదు. నేను నోరు తెరుచుకుని చూసేదాన్ని. అంతవరకూ నాకు జోళ్లంటే షాపులో పెట్టెలో పుట్టేవి. ఒక మనిషి మోకాలిమీద, చిరిగిన చొక్కాలోంచి, ఒక్కొక్క గింజగా జోడు తయారవుతుందని నాకు ఊహ కూడా లేదు. దెబ్బలాటలు, పరుగులు అన్నీ మానేసి ఆవిడ కాళ్లదగ్గర కూర్చునేదాన్ని. నా స్నేహితురాలికి విసుగు. "ఎప్పుడూ అదే కదా చేస్తుంది, ఏముంది అందులో?" అనేది.

"పోపోని అడుగు, మొదటిసారి ఎప్పుడు కుట్టిందో" అన్నాను.

అడిగి చెప్పింది. "ఏడేళ్లప్పుడంట. కుట్టిన ప్రతిసారీ వాళ్లమ్మ మొత్తం విప్పేసేదంట. వదులుగా ఉంటే నడిచేవాణ్ణి మోసం చేసినట్టంట."

*

పోపో మంచం తలవైపు ఒక లావుపాటి పుస్తకం ఉండేది. చదవడానికి కాదు. దాని పేజీల మధ్య కాగితం అచ్చులు దాచేది. ఇంట్లో ఒక్కొక్కరి అడుగు కొలత ఒక్కొక్క కాగితం. అల్లుడిది, కూతురిది, మనవరాలిది ఏడాదికొకటి. ఆ పుస్తకం ముట్టుకోకూడదని నాకు మొదటిరోజే చెప్పారు.

ఒకరోజు మేం బాల్కనీలో గుడ్డలు పరవడంలో సాయం చేస్తున్నాం. నేను వెనక్కి జరగబోయి జిగురు గిన్నెలో ఎడమకాలు పెట్టాను. మేజోడు తడిసి ముద్దయింది. పోపో లోపలికి వెళ్లి కడుక్కోమని సైగ చేసింది. గదిలో ఎవరూ లేరు. మేజోడు విప్పాను. మంచంమీద పుస్తకం తెరిచి ఉంది. పేజీల మధ్యనుంచి ఒక చిన్న కాగితం అచ్చు బయటికి వచ్చి ఉంది. పసుపుపచ్చగా, అంచులు మెత్తబడి, మిగతా అన్నింటికంటే చాలా పాతది.

అది నా ఎడమ పాదమంతే ఉందనిపించింది.

ఎందుకు చేశానో చెప్పగలను. ఈ లోకంలో నా ఎడమ పాదానికి సరిపోయేది ఒక్కటైనా ఉందేమో చూడాలనిపించింది. కాగితాన్ని నేలమీద పెట్టి దానిమీద నిలబడ్డాను. మడమనుంచి బొటనవేలిదాకా సరిగ్గా సరిపోయింది. కాసేపు అలాగే ఉండిపోయాను. తర్వాత కాలెత్తితే కాగితం కూడా లేచి వచ్చింది. జిగురు. కంగారుగా లాగాను. అడ్డంగా రెండు ముక్కలైంది.

బాల్కనీలోంచి అడుగుల చప్పుడు వినిపించింది. రెండు ముక్కలూ రెండో మేజోడులో దోపుకుని, పుస్తకం మూసేసి, ఇంటికి పరిగెత్తాను.

నాలుగు రోజులు పోపో ఇంట్లో నేను గంజి కూడా సరిగ్గా తాగలేదు. ఆవిడ పుస్తకం తెరిచి ఒక్కొక్క పేజీ తిప్పడం చూశాను. మంచం కింద వంగి వెతకడం చూశాను. శనివారం అమ్మ బట్టలు ఉతకడానికి మేజోళ్లు తిరగేస్తుంటే ముక్కలు కిందపడ్డాయి.

"ఇదేంటే?"

ఏడుస్తూ అంతా చెప్పాను. నాన్న, "పోనీలే, చిన్న కాగితమేగా" అన్నాడు.

అమ్మ ఆయనవైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "కాగితం కాదండీ. కొలత అది. మా ఫ్యాక్టరీలో అది పోతే మిషన్లన్నీ ఆగిపోతాయి" అంది. నా చెయ్యి పట్టుకుని బయల్దేరింది.

*

పోపో కిటికీ దగ్గర కుడుతోంది. అమ్మ ఆ రెండు ముక్కలూ రెండు చేతుల్లో పెట్టి అందించి, నా స్నేహితురాలితో, "ప్లీజ్ టెల్ హర్, వీ ఆర్ వెరీ వెరీ సారీ" అంది.

పోపో ముక్కల్ని ఒళ్లో పెట్టుకుని కలిపి చూసింది. నా స్నేహితురాలు గొంతు తగ్గించి చెప్పింది. "అది మా పెద్దమ్మది. మా అమ్మకంటే ముందు పుట్టింది. చిన్నప్పుడే, పోపో తనకి జోళ్లు కుడుతుండగానే జ్వరం వచ్చి చనిపోయిందంట. ఒక అడుగు కుట్టడం అయింది, రెండోది సగంలో ఉంది. మిగతావి అన్నీ పోయాయి. ఈ కాగితం ఒక్కటే ఇక్కడిదాకా తెచ్చుకుంది."

అమ్మ పక్కనున్న కుర్చీలో కూలబడింది.

పోపో కాగితాన్ని వెలుగుకి ఎత్తింది. జిగురు ఎండి, నా పాదం ముద్ర అయిదు వేళ్లతో సహా తెల్లగా తేలి ఉంది. ఆ ముద్రవైపు చూసింది. నా కాళ్లవైపు చూసింది. ఏదో అడిగింది.

"మేజోళ్లు విప్పమంటోంది."

నేను అమ్మ వెనక్కి వెళ్లాను. అమ్మ కూడా, "వద్దులెండి, పోపోగారూ, ఎందుకు..." అని తెలుగులోనే నసిగింది. పోపో స్టూలు దిగి నేలమీద కూర్చుంది. నా ఎడమకాలు మెల్లగా తన ఒళ్లోకి తీసుకుని మేజోడు విప్పింది.

"అయ్యో, మీరు పెద్దవారు, దాని కాళ్లు పట్టుకోకూడదండీ!" అని అమ్మ లేచింది. ఆవిడ వినిపించుకోలేదు. మడమ వెనక కోసిన గీతమీద బొటనవేలితో కిందికీ పైకీ రాసింది. పొక్కు చుట్టూ తడిమింది. ఒక మాట అంది.

"నడుస్తుంటే నొప్పిగా ఉంటుందా, ఎక్కడ? అని అడుగుతోంది."

డాక్టర్లు వంచి చూశారు, కొలిచారు, ఫొటోలు తీశారు. అమ్మానాన్నలు నేను విననప్పుడు దాని గురించి మాట్లాడుకునేవాళ్లు. ఎక్కడ నొప్పి అని నన్ను అడిగింది ఆవిడే మొదలు. వేలితో చూపించాను. ఇక్కడ. ఇక్కడ కూడా.

ఆవిడ తల ఊపి, లేచి, ఒక ఖాళీ కాగితమూ కత్తెరా తీసుకుంది. కిటికీలోంచి బయటికి చూస్తూ కత్తిరించడం మొదలుపెట్టింది. కాగితంవైపు చూడనేలేదు. కత్తెర ఎక్కడా ఆగలేదు. మడమ తిరిగింది, పక్క దిగింది, వేళ్లు చుట్టి వచ్చింది. కొత్త ఆకారాన్ని నేలమీద పెట్టి, దానిమీద చిరిగిన రెండు ముక్కలూ కలిపి పేర్చింది. వెంట్రుకవాసి తేడా లేదు. అమ్మ, ఫ్యాక్టరీలో రోజంతా కత్తెరలు చూసే అమ్మ, వంగి మళ్లీ మళ్లీ అంచులు తడిమి చూసింది.

పోపో చిన్నగా ఏదో అంది. నా స్నేహితురాలు తన మామూలు గొంతుతో చెప్పింది. "కాగితం చిరిగితే చిరిగింది, కొలత చేతిలో ఉంది అంటోంది."

తర్వాత మరో రెండు కాగితాలు పరిచి, వాటిమీద నన్ను నిలబడమంది. కుడిపాదం చుట్టూ పెన్సిలు తిప్పింది. ఎడమపాదం చుట్టూ తిప్పింది. రెండూ కత్తిరించి పక్కపక్కన పెట్టింది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. వాటిని అలా పక్కపక్కన పట్టపగలు చూడటం నాకు అదే మొదటిసారి. ఆవిడ ముఖంలో జాలి లేదు. కూరగాయలు ఏరేటప్పుడు ఎలా చూస్తుందో అలా చూసి, పుస్తకంలో ఒక కొత్త పేజీ వెతికి రెండింటినీ అందులో పెట్టింది.

*

అమ్మ తన పాత నేతచీరలు రెండు ఇచ్చింది. నాన్న పాతబడిన లుంగీ ఒకటి ఇచ్చాడు. పోపో వాటిని తన చొక్కాల ముక్కలతో కలిపి జిగురుమీద పరిచింది. ఆదివారాలు అమ్మ కూడా వెళ్లి కుట్టడానికి కూర్చునేది. "నేను కోట్లు కుడతాను, ఇదెంత" అని ఒక వరస పూర్తి చేసి చూపించింది. పోపో దాన్ని వేలితో నొక్కి చూసి, నవ్వుముఖంతోనే, దారం మొత్తం విప్పేసింది.

"ఏమంటోంది?" అని అమ్మ అడిగింది.

"వదులంట."

అమ్మ పెదవి బిగించి మళ్లీ మొదలుపెట్టింది. మూడోసారికి పోపో విప్పలేదు. ఆ సాయంత్రం అమ్మ ఇంట్లో పాట పాడుకుంటూ వంట చేసింది.

జోళ్లు సెప్టెంబరుకి ముందు తయారయ్యాయి. నల్లటి పైగుడ్డ, తెల్లటి అడుగు. ఎడమదానికి లోపల నేను వేలుపెట్టి చూపించిన రెండు చోట్ల ఒక పొర తగ్గించి గుంట చేసింది. మేజోళ్లు లేకుండా వేసుకుని నిలబడ్డాను. దూది లేదు. ఏదీ గుచ్చుకోలేదు. చెక్కనేల చల్లదనం మెల్లగా పైకి వచ్చింది. నా ఎడమకాలికి నేల ఎలా ఉంటుందో ఆరోజే తెలిసింది.

బడి తెరిచారు. వసారాలో బెంచీమీద కూర్చుని, కోటు కప్పుకోకుండా మార్చుకున్నాను. పక్కనున్న పిల్ల చూసి, "నీ షూస్ రెండూ ఒకే సైజు కాదే?" అంది.

"నా కాళ్లూ ఒకే సైజు కాదు" అన్నాను.

ఆ పిల్ల కాసేపు చూసింది. "నాక్కూడా నల్లవి కావాలి" అని తన లేసులు కట్టుకోవడంలో పడింది. అంతే. సంవత్సరాలుగా నేను భయపడ్డది అంతలో అయిపోయింది.

ప్రతి వేసవికీ కొత్త జత వచ్చేది. పుస్తకంలో నా పేజీ లావెక్కుతూ వచ్చింది. నాకు పన్నెండేళ్లు వచ్చేసరికి నాన్నకి టొరంటోవైపు ఉద్యోగం దొరికింది. అప్పటికి పోపోకి చూపు దాదాపు పోయింది. ఆఖరి జత తడుముకుంటూనే కుట్టింది.

ఆ తర్వాత మేం వెళ్లిన నాలుగో ఏట ఆవిడ పోయిందని ఫోను వచ్చింది. ఈ ముప్పై ఏళ్లలో నా పాదాల్ని ఎన్నో మిషన్లు కొలిచాయి. తెరమీద ఎరుపు, నీలం రంగుల్లో నా బరువు ఎక్కడ పడుతుందో చూపించారు. మంచి పనే చేశారు, కాదనను. కానీ ఎవరి పనినైనా చూసి ఒళ్లు గగుర్పొడిచిందంటే అది ఆ కిటికీ పక్కనే. చిరిగిన పాత గుడ్డలు, కాస్త మైదా, ఒక మనిషి ఓపిక. అంతకంటే పెద్ద విద్యని నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

విన్నిపెగ్ వదిలిన రోజు కింద కారులో సామాను ఎక్కిస్తున్నారు. నేను కొత్త జోళ్లు వేసుకుని పోపో దగ్గరికి వెళ్లాను. ఆవిడ గోడ పట్టుకుని గుమ్మందాకా వచ్చి, రెండు వాటాల ముందున్న వసారా చివరిదాకా నడిచి రమ్మంది. నేను నడిచాను. ఆవిడ తల ఒక పక్కకి వంచి, కళ్లు మూసుకుని వింటోంది. పాత చెక్కనేలమీద గుడ్డ అడుగులు మెత్తగా పడ్డాయి.

తిరిగి వచ్చాక ఏదో అంది. నా స్నేహితురాలు చెప్పింది.

"రెండు కాళ్లూ ఒకేలా వినిపిస్తున్నాయంట."

కిందనుంచి నాన్న హారన్ కొడుతున్నాడు. నేను మళ్లీ ఒకసారి, మెల్లగా, వసారా చివరిదాకా నడిచి వచ్చాను.